ఊళ్ళో కరెంటు మీటరు, పట్నంలో మనం: సెస్ సభ్యత్వాన్ని చక్కబెట్టుకోవడం ఎలా

2022 డిసెంబరులో ఒక పొద్దున్నే బ్యాగు తగిలించుకుని మెట్లు దిగుతుంటే ఎదురు ఫ్లాటాయన అడిగాడు, "ఏమండీ, ఊరికేనా?" అని. ఓటేసి వస్తానన్నాను. "ఇప్పుడేం ఎలక్షన్లండీ?" అన్నాడు. "కరెంటు ఆఫీసు ఎలక్షన్లు." జోకనుకుని నవ్వాడు. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, నవ్వక ఏం చేస్తాడు? ఇక్కడ కరెంటు ఆఫీసుతో మనకు రెండే పనులు: బిల్లు కట్టడం, కరెంటు పోతే ఫోన్ చేయడం.

జేబీఎస్‌లో బస్సెక్కి సిద్దిపేట మీదుగా ముస్తాబాద్ దగ్గరి మా ఊరికి పోయి లైన్లో నిలబడ్డాను. జాబితాలో నా పేరు లేదు. మా బాపు పేరూ లేదు. మా తాత పేరుంది. ఆయన పోయి అప్పటికి పదకొండేళ్ళు. పోయిన మనిషి ఓటరు, బతికున్న ఇద్దరం చూసి వెనక్కి రావాల్సిన వాళ్ళం! తప్పు ఎవరిదో కాదు, మాదే. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా పేరు మార్పిద్దామని మాకు తోచలేదు. బిల్లు తాత పేరు మీద వస్తుంటే, ఆయన ఇంకా ఇంట్లో ఉన్నట్టే ఉంటుందని అవ్వ అనేది. అదొక సాకు.

సిరిసిల్ల వైపు ఇల్లో, పొలమో, నాలుగు సాంచాలో (మరమగ్గాలో) ఉండి, బతుకుదెరువుకు హైదరాబాద్ వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు కూడా చదవండి, కరెంటు ఆఫీసుకు ఎలక్షన్లేమిటో తెలుస్తుంది.

ముందు సంగతి అర్థం చేసుకోండి

హైదరాబాద్‌లో మనకు కరెంటు ఇచ్చేది ప్రభుత్వ పంపిణీ సంస్థ. దానికి మనం వినియోగదారులం, అంతే. సిరిసిల్ల ప్రాంతంలో ఇచ్చేది సహకార విద్యుత్ సరఫరా సంఘం, మనం సెస్ అంటాం. స్తంభాలు, తీగలు, ట్రాన్స్‌ఫార్మర్లు, సిబ్బంది అన్నీ సంఘానివి. సంఘం సభ్యులది. పాలకవర్గంలో 15 మంది డైరెక్టర్లు, వాళ్ళను ఎన్నుకునేది సభ్యులు. సంఘం సొంతంగా కరెంటు తయారుచేయదు. వరంగల్ కేంద్రంగా ఉన్న ఉత్తర డిస్కం (ప్రభుత్వ పంపిణీ సంస్థ) దగ్గర టోకున కొని మనకు చిల్లరగా అమ్ముతుంది. కిరాణా కొట్టు లెక్కే, కాకపోతే కొట్టు కొనేవాళ్ళది.

ఈ ఆలోచన మొదట అమెరికా పల్లెల్లో బలపడింది. 1930లలో అక్కడ పట్నాల్లో పది ఇళ్ళకు తొమ్మిదింట దీపాలు వెలుగుతుంటే, రైతుల ఇళ్ళలో పదింటికి ఒకదానికి మాత్రమే కరెంటు. దూరంగా విసిరేసినట్టుండే పొలాలకు తీగ లాగితే గిట్టదని ప్రైవేటు కంపెనీలు చేతులెత్తేశాయి. 1935లో రూజ్‌వెల్ట్ గ్రామీణ విద్యుదీకరణ సంస్థను పెట్టాడు, మరుసటి ఏడాది చట్టం వచ్చింది. సర్కారు తక్కువ వడ్డీకి అప్పిచ్చింది, రైతులు సంఘాలు కట్టుకుని తామే స్తంభాలు పాతుకున్నారు. ఇప్పటికీ అక్కడ అలాంటి సంఘాలు 900 దాకా ఉన్నాయి. ఏడాది చివర మిగులు ఉంటే, ఎవరెంత కరెంటు వాడారో ఆ లెక్కన సభ్యుల పేర జమ కడతాయి. కొన్నేళ్ళకు ఆ సొమ్ము తిరిగి సభ్యుల చేతికి వస్తుంది.

మన దేశంలో 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ పుట్టింది. ఆ అమెరికా సంఘాల సమాఖ్య వాళ్ళ సలహాతో అయిదు చోట్ల ప్రయోగం మొదలైంది: కర్ణాటకలో హుకేరి, గుజరాత్‌లో కోడినార్, మహారాష్ట్రలో మూల ప్రవరా, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. 1970 నుంచి మన సంఘం నడుస్తోంది. ఆంధ్రలో తర్వాత కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లి లాంటి చోట్ల కూడా సంఘాలు వచ్చాయి.

చరిత్ర ఇంత చాలు. ఇక పనిలోకి వద్దాం.

మొదటి పని: మీటరు ఎవరి పేరు మీద ఉందో చూడండి

ఊరికి ఫోన్ చేసి కరెంటు బిల్లు ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమనండి. అందులో మూడు చూడండి: సర్వీసు నంబరు, పేరు, కేటగిరీ. పేరు మీది కాకపోయినా, బతికున్న మనిషిది కాకపోయినా మీకు పని ఉన్నట్టే.

ఇక్కడొక మెలిక ఉంది, చాలామంది ఇక్కడే పొరబడతారు. కనెక్షన్ ఉండటం వేరు, సభ్యత్వం ఉండటం వేరు. బిల్లు కట్టేవాళ్ళందరూ ఓటర్లు కారు. వాటా సొమ్ము కట్టి, సభ్యుల రిజిస్టరులో పేరెక్కినవాళ్ళే సభ్యులు. అందుకే ఇంట్లో పాత కాగితాలు వెతకాలి. మా ఇంట్లో తాత రేకు పెట్టెలో, అడుగున పరిచిన పాత పేపరు కింద, ఎకరం భూమి పాసుపుస్తకంలో మడిచిపెట్టి దొరికింది వాటా రసీదు. నాలుగు మడతల దగ్గర చిరిగింది. సంఘం ముద్ర ఊదారంగు వెలిసి, వేలితో తుడిస్తే పోయేలా ఉంది. సభ్యత్వం నంబరు మాత్రం నల్ల సిరాతో రాసింది, చక్కగా కనపడుతోంది. మనకు కావలసింది ఆ నంబరే. దొరికిన వెంటనే ఫొటో తీసుకోండి, జిరాక్సు మాత్రం ఆఖరికి చేయించండి. మడతలు విప్పుతుంటేనే ముక్కలయ్యే కాగితాన్ని జిరాక్సు మిషన్ మీద బోర్లించడం కంటే, ఫొటోను ప్రింటు తీయించడం మంచిది.

రసీదు దొరక్కపోతే టెన్షన్ పడకండి. సంఘం కార్యాలయంలో సభ్యుల రిజిస్టరు ఉంటుంది. పేరు, ఊరు, తండ్రి పేరు, సర్వీసు నంబరు చెప్పి వెతికించండి. తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించినప్పుడు మా తాత ఇంటిపేరు మూడు రకాలుగా మారింది. ఒక స్పెల్లింగుతో దొరక్కపోతే ఇంకోటి చెప్పండి.

రెండో పని: పేరు మార్పు

దీన్ని రెండుగా చేయాలి. ఒకటి సర్వీసు పేరు మార్పు, రెండు సభ్యత్వం బదిలీ. కౌంటరులో మీరు "పేరు మార్పు" అంటే వాళ్ళకు మొదటిదే గుర్తొస్తుంది, అది సహజం. రెండోది మీరే నోరు తెరిచి అడగాలి. "మీటరు పేరే కాదన్నా, వాటా కూడా నా పేరు మీదకు రావాలి" అనండి.

పట్టుకుపోవాల్సినవి: మరణ ధ్రువీకరణ పత్రం, వారసుల ధ్రువీకరణ, ఇల్లు లేదా భూమి కాగితం, మీ ఆధార్, తాజా బిల్లు, బకాయి లేదని చూపే రసీదు, వాటా రసీదు ఉంటే అది. తోబుట్టువులుంటే వాళ్ళ నిరభ్యంతర పత్రం కూడా తీసుకోండి. ఒక వాటా ఒకరి పేరుకే పోతుంది, ఒక సభ్యుడికి ఒకే ఓటు. అన్నదమ్ములు ముగ్గురుంటే ఎవరి పేరు మీద పెట్టాలో ఇంట్లోనే తేల్చుకుని వెళ్ళండి. ఆ ముచ్చట కౌంటరు దగ్గర మొదలైతే సాయంత్రం బస్సు దొరకదు. మిగతా ఇద్దరికీ వేరే సర్వీసులుంటే, వాళ్ళు విడిగా సభ్యత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

నామినీ పేరు కూడా రాయించండి. మీ పిల్లలకు రేకు పెట్టె వెతికే పని తప్పుతుంది.

ఒకే ట్రిప్పులో అన్నీ అయిపోవు. నాకు మూడుసార్లు పట్టింది. అందులో ఒకసారి అసలు కాగితం హైదరాబాద్‌లో మరచిపోయి జిరాక్సు పట్టుకుపోయింది నేనే.

మూడో పని: బిల్లు చదవడం నేర్చుకోండి

సంఘం మనది కాబట్టి రేటు కూడా మనమే తగ్గించుకోవచ్చు కదా అని మా బావమరిది వాదన. కుదరదు. చిల్లర రేట్లు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. కూకట్‌పల్లిలో యూనిట్‌కు ఎంతో, కోనరావుపేటలోనూ అంతే. సంఘం చేతిలో ఉన్నవి వేరే: కాలిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్నాళ్ళకు మారుతుంది, వంగిన స్తంభం ఎప్పుడు నిలబడుతుంది, కొత్త లైను ఏ ఊరికి ముందు, హెల్పర్లను ఎవరిని పెట్టుకుంటారు, దారిలో ఎంత కరెంటు పోతుంది. నిలదీయాల్సింది వీటి మీద. రేటు మీద డైరెక్టరుతో కొట్లాడితే గొంతునొప్పి తప్ప ఏమీ మిగలదు.

రేట్ల లెక్క ఒక్కటి తెలిసి ఉంటే చాలు. ఇంటి కనెక్షన్‌కు నెలలో 100 దాటి 200 యూనిట్ల వరకు ఒక పద్ధతి: మొదటి 100కి యూనిట్‌కు 3 రూపాయల 40 పైసలు, తర్వాతి 100కి 4 రూపాయల 80 పైసలు. 200 కాలితే 820 రూపాయలు. అదే 201 అయిందనుకోండి, మొత్తం బిల్లు పై వర్గంలోకి ఎగబాకుతుంది. మొదటి 200కి యూనిట్‌కు 5 రూపాయల 10 పైసలు, ఆపై ఒక్క యూనిట్‌కు 7 రూపాయల 70 పైసలు. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఒక్క యూనిట్‌కు 207 రూపాయల 70 పైసలు! స్థిర చార్జీలు, సుంకం వీటికి అదనం. పండక్కి ఊరంతా మనింట్లోనే దిగిన నెలలో గీజరు మీద ఒక కన్నుండాలి.

గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తున్నా కాగితాన్ని పారేయకండి. రీడింగు సరిగా ఉందో లేదో చూడండి. తాళం వేసిన ఇల్లయితే మరీ ముఖ్యం. గేటు బయటి నుంచి మీటరు కనపడేలా ఉంచండి, లేకపోతే రీడింగు తీసేవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? ఊరికి పోయినప్పుడల్లా మీటరు ఫొటో తీసి పెట్టుకోండి. తేదీతో సహా ఫోన్‌లో ఉంటుంది. రేపు ఏదైనా తేడా వస్తే మాటలకంటే ఆ ఫొటో బాగా మాట్లాడుతుంది.

సాంచాలున్నవాళ్ళు కేటగిరీ గడి చూడండి. మరమగ్గాలకు రాయితీ ఇచ్చేది సర్కారు, బిల్లు వేసేది సంఘం. కేటగిరీ తప్పుగా పడి ఉంటే రాయితీ దారి తప్పుతుంది. సాంచాలు తీసేసి కిరాణా కొట్టు పెట్టుకున్నా, షెడ్డును అద్దెకు ఇచ్చినా వెంటనే రాసివ్వండి. ఒక అవసరానికి తీసుకున్న కనెక్షన్‌ను ఇంకో అవసరానికి వాడితే చట్టంలోని 126వ సెక్షన్ కింద జరిమానా లెక్క కడతారు, అది మామూలు రేటుకు రెట్టింపు.

నాలుగో పని: కరెంటు పోతే ఏం చెప్పాలి

"కరెంటు లేదు" అని ఫోన్ చేస్తే సగం చెప్పినట్టే. ఇల్లొక్కటేనా, వాడంతానా, ఊరంతానా చెప్పండి. ట్రాన్స్‌ఫార్మర్ మీద రంగుతో రాసిన నంబరు ఉంటుంది, స్తంభాలకూ చాలాచోట్ల ఉంటుంది. మా అవ్వ గోడ మీద కాలెండరు పక్కన మా ట్రాన్స్‌ఫార్మర్ నంబరు బొగ్గుతో రాసి పెట్టింది. ఫోన్‌లో ఆమె "ఫలానా నంబరు బిడ్డా, జంపరు కాలింది, మెరుపులొస్తున్నయ్" అంటే లైన్‌మన్ నిచ్చెన ఏది తేవాలో తెలుసుకుని వస్తాడు. హైదరాబాద్‌లో కూర్చుని మీరు చేయగలిగింది ఇదే: ఆ నంబరు, సెక్షన్ ఆఫీసు నంబరు, మీ లైన్‌మన్ నంబరు ఇంట్లో గోడ మీద రాయించడం.

ఒక మాట గట్టిగా చెప్తాను. ఫ్యూజు వేయడానికి ట్రాన్స్‌ఫార్మర్ గద్దె ఎక్కొద్దని ఇంట్లోవాళ్ళకు చెప్పండి. పొలం ఎండుతుంటే ఎవరికైనా ఆత్రం ఉంటుంది. లైను ఆపే ఏబీ స్విచ్చు దించామనుకుంటారు, మూడు బ్లేడ్లలో ఒకటి అతుక్కునే ఉంటుంది. లైన్‌మన్ అయినా సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైను ఆపామన్న అనుమతి) తీసుకున్నాకే పైకెక్కుతాడు. ఆ మనిషికి జీతం ఇచ్చేది మన సంఘమే, కాబట్టి అరగంట ఆగి ఆయన్నే పిలవండి. పొలం గట్టు మీద దండేనికి వాడిన జీఐ తీగ సర్వీసు వైరును తాకుతుంటే ఈసారి పోయినప్పుడు విప్పేసి తాడు కట్టండి.

బోరు మోటారుకు కెపాసిటర్ పెట్టించారో లేదో చూడండి. చిన్న డబ్బా, పెద్ద ఖర్చు కాదు. అది లేకపోతే మోటారు తీగల నుంచి అవసరానికి మించిన కరెంటు లాగుతుంది, చివరి పొలాలకు వోల్టేజీ అందదు, వైండింగులు కాలతాయి, ట్రాన్స్‌ఫార్మరూ వేడెక్కుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న అందరూ కలిసి ఒకేసారి పెట్టుకుంటేనే తేడా కనపడుతుంది. ఆటో స్టార్టరు పెట్టి నిద్రపోవడం ఇంకో జబ్బు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారిగా లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఎంతసేపు ఆగుతుంది?

అయిదో పని: మహాజన సభకు వెళ్ళండి, లెక్కలు చదవండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, అందరూ వదిలేసేదీ ఇదే. సభ అంటే టీలు, దండలు, మైకు అనుకుంటారు. అక్కడ పెట్టే వార్షిక నివేదిక మాత్రం మన ఇంటి పద్దు. సభ తేదీ తెలియగానే ఊళ్ళో ఎవరినైనా అడిగి నివేదిక ముందే తెప్పించుకోండి. లేదా కార్యాలయంలో అడగండి. సభ్యుడిగా అడిగే హక్కు మీకుంది.

చదవడం కష్టమేమీ కాదు. మొదట రెండు అంకెలు వెతకండి: సంఘం ఎన్ని యూనిట్లు కొన్నది, ఎన్ని యూనిట్లకు బిల్లు వేసింది. ఈ రెండిటి మధ్య తేడాయే నష్టం. దాని బరువు ఎంతో ఊహాలెక్కతో చూద్దాం. టోకున 100 యూనిట్లు, యూనిట్ 5 రూపాయల చొప్పున కొన్నారనుకోండి. 500 ఖర్చు. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో, దొంగతనంగా కొక్కేలు తగిలించిన చోట 15 పోయి 85కే బిల్లు వేయగలిగారు. అంటే బిల్లుకెక్కిన యూనిట్ అసలు ఖరీదు 5 కాదు, 5 రూపాయల 88 పైసలు. ఇంకా జీతాలు, అప్పుల వడ్డీ, మరమ్మతులు కలపలేదు. నష్టం 15 నుంచి 10కి దిగితే యూనిట్‌కు 32 పైసలకు పైగా మిగులుతుంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్లు ఆ పైసల్లోంచే వస్తాయి.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. వ్యవసాయ మోటార్లకు చాలావరకు మీటర్లు లేవు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి పొలాలకు 24 గంటల ఉచిత కరెంటు. మీటరు లేనప్పుడు పొలాలు ఎంత తాగాయో అంచనా వేయాల్సిందే. అంచనా పెంచితే నష్టం తగ్గినట్టు కనపడుతుంది, తగ్గిస్తే పెరిగినట్టు. ఇది ఒక్క చోట ఉన్న సమస్య కాదు, దేశంలో ఉచిత కరెంటు ఉన్న ప్రతి పంపిణీ సంస్థ లెక్కల్లోనూ ఉన్న సందేహమే. అందుకే సభలో "నష్టం ఎంత?" అని కాకుండా, "వ్యవసాయ వాడకాన్ని ఎలా అంచనా వేశారు? ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు పెట్టి చూశారు?" అని అడగండి. ఈ ప్రశ్న అడిగినవాణ్ణి వేదిక మీదున్నవాళ్ళు రెండోసారి తేరిపార చూస్తారు. నేను అడిగినప్పుడు వెనక వరుసలో ఒక పెద్దమనిషి, "ఈ పొల్లగాడు ఎవరి బిడ్డ?" అని పక్కాయన్ని అడగడం నాకు వినిపించింది. నాకప్పుడు నలభై మూడేళ్ళు.

తర్వాత చూడాల్సింది రావాల్సిన సొమ్ము, ఇవ్వాల్సిన సొమ్ము. పొలాలకు, మరమగ్గాలకు ఇచ్చిన రాయితీ సర్కారు నుంచి రావాలి. టోకు కరెంటుకు డిస్కంకు కట్టాలి. మొదటిది ఆలస్యమైతే రెండోది పేరుకుపోతుంది. మూల ప్రవరా సంగతి గుర్తుపెట్టుకోండి. శ్రీరాంపూర్ వైపు చెరకు రైతుల సంఘం, మనతో పాటే పుట్టింది, ఒకప్పుడు దేశంలో పెద్ద పేరున్న సంఘం. టోకు కరెంటు బకాయిలు కొండలా పెరిగాయి. 2011లో లైసెన్సు చేజారి, అక్కడి తీగలన్నీ రాష్ట్ర పంపిణీ సంస్థ చేతికి పోయాయి. ఎన్నికలు, సభలు అన్నీ ఆ సంఘానికీ ఉండేవి. కాబట్టి నివేదికలో డిస్కంకు బాకీ ఎంతుందో, నిరుటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో తప్పకుండా చూడండి.

ఆడిట్ నివేదికలో చివరి పేజీలు ముందు చదవండి. ఆడిటరు అభ్యంతరాలు అక్కడే ఉంటాయి. ఏ అభ్యంతరం నిరుడూ ఉండి ఈ ఏడూ ఉందో గీత గీసుకోండి.

ఆరో పని: ఓటు

ఇది చెప్పడానికి పెద్దగా లేదు. ఎన్నికల ప్రకటన రాగానే ఓటర్ల ముసాయిదా జాబితా పెడతారు. అభ్యంతరాలకు గడువు కొద్ది రోజులే. నాలాగా పోలింగు రోజు కాకుండా ఆ ముసాయిదా రోజే పేరు చూసుకోండి. బకాయి లేకుండా ఉండండి. బకాయిదారు పోటీకి అనర్హుడు కూడా. మీ బదులు మీ తమ్ముడు ఓటెయ్యలేడు, మీరే పోవాలి. హైదరాబాద్ నుంచి ఊరు మూడున్నర, నాలుగు గంటల దారి. కల్లు, మటన్ ఎటూ ఉంటాయి, సెలవు పెట్టుకోండి.

పార్టీల రంగులు ఈ ఎన్నికల్లోనూ దిగుతాయి, దాచేదేం లేదు. అయినా మన వాడకు వచ్చి చేతులు జోడించినాయన్ని ట్రాన్స్‌ఫార్మర్ల గురించి రెండు ప్రశ్నలు అడిగి చూడండి. జవాబు చెప్పే తీరులోనే ఆయన తీగలెప్పుడైనా పట్టుకున్నాడో లేదో తెలిసిపోతుంది.

జవాబు రాకపోతే

నోటిమాటతో ఎన్నిసార్లు అడిగినా లెక్కలోకి రాదు. తెల్లకాగితం మీద రాయండి, సర్వీసు నంబరు, సభ్యత్వం నంబరు వేయండి, నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోండి. పోస్టులో అయితే రిజిస్టర్డ్‌గా పంపి రసీదు దాచుకోండి. ఇక్కడే హైదరాబాద్‌లో ఉండటం కలిసొస్తుంది, ఎందుకంటే పై మెట్లన్నీ ఈ ఊళ్ళోనే ఉన్నాయి.

సంఘం వ్యవహారం, అంటే సభ్యత్వం, లెక్కలు, ఎన్నిక లాంటివైతే 1964 నాటి సహకార సంఘాల చట్టం కిందికి వస్తాయి. జిల్లా సహకార అధికారితో మొదలుపెట్టి, సహకార శాఖ కమిషనరు, రిజిస్ట్రారు దాకా పోవచ్చు. ఆ చట్టంలో 51వ సెక్షన్ కింద రిజిస్ట్రారు విచారణ వేయవచ్చు. సభ్యుడికీ సంఘానికీ తగాదా వస్తే 61వ సెక్షన్.

సమాచార హక్కు సంగతి చాలామందికి తెలియదు. 2013 అక్టోబరులో కేరళకు చెందిన ఒక సహకార బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఏమందంటే, సహకార సంఘం అయినంత మాత్రాన అది నేరుగా సమాచార హక్కు చట్టం కిందికి రాదు. కానీ రిజిస్ట్రారు వస్తారు. సంఘం నుంచి చట్టప్రకారం తెప్పించుకోగల సమాచారాన్ని రిజిస్ట్రారు తెప్పించి ఇవ్వాలి. కాబట్టి దరఖాస్తు సంఘం పేరున కాకుండా రిజిస్ట్రారు కార్యాలయంలోని సమాచార అధికారి పేరున రాయండి. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. "సంఘం గురించి వివరాలన్నీ ఇవ్వండి" అని రాయకండి, అలా రాస్తే ఏమీ రాదు. "ఫలానా ఆర్థిక సంవత్సరం ఆడిట్ నివేదిక నకలు" అని ఒక్క వాక్యం రాయండి.

కరెంటు వ్యవహారం, అంటే రేట్లు, టోకు ధర, సంఘం పనితీరు అయితే నియంత్రణ మండలి. 2003 విద్యుత్ చట్టంలో 13వ సెక్షన్ కింద సంఘానికి లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చి నడిపిస్తున్నది ఆ మండలే. ఏటా డిస్కంలు ఆదాయ అవసరాల నివేదిక వేస్తాయి. దాన్ని పేపర్లలో ప్రకటించి, అభ్యంతరాలు రాతపూర్వకంగా తీసుకుని, బహిరంగ విచారణ జరుపుతారు. లాయరు అక్కర్లేదు, తెలుగులో రాయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. అభ్యంతరం చివర "విచారణలో స్వయంగా మాట్లాడదలచాను" అని ఒక లైను తప్పకుండా రాయండి. అది లేకపోతే వినడమే తప్ప మాట్లాడే అవకాశం రాకపోవచ్చు. నేను ఒకసారి పోయాను. రైతు సంఘాల వాళ్ళు, ఫ్యాక్టరీల తరఫు వాళ్ళు, చేతిలో కట్టలు కట్టలు కాగితాలతో ఒక రిటైర్డు ఇంజనీరు. నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. నాలుగు నిమిషాలు మాట్లాడాను. టోకు ధర పెంచితే సిరిసిల్ల సాంచాల మీద ఎలా పడుతుందో, అంకెలతో. రాసుకుపోయిన రెండు పేజీల్లో ఒక పేజీ చదవనే లేదు. మీరు పోతే ఒక్క పేజీయే రాసుకోండి, అన్నం తిని పోండి.

మా కాలనీలో పెట్టుకోవచ్చా?

ఇదంతా చెప్తుంటే ఎదురు ఫ్లాటాయన అడిగాడు. మన గేటెడ్ కమ్యూనిటీలో కూడా ఇలాంటి సంఘం పెట్టుకుందామా అని. పట్నంలో తీగలు డిస్కంవి, పంపిణీకి లైసెన్సు కావాలి, అది మన వల్ల కాదు. పల్లెల సంగతి వేరు. 2003 చట్టం 5వ సెక్షన్‌లోనే, టోకున కరెంటు కొని ఊళ్ళో పంచే పనిని పంచాయతీలకు, వాడకందారుల సంఘాలకు, సహకార సంఘాలకు అప్పగించేలా జాతీయ విధానం ఉండాలని రాసి ఉంది. బంగ్లాదేశ్‌లో ఇదే దారిలో 1970ల చివర మొదలుపెట్టి, ఇప్పుడు 80 పల్లీ విద్యుత్ సమితులు నడుపుతున్నారు.

ఆయన కాసేపు ఆలోచించి, "అయితే మీ ఊళ్ళో గుంట జాగా ఏమైనా దొరుకుతుందా?" అన్నాడు. దొరుకుతుందన్నాను. కనెక్షన్ తీసుకున్న రోజే వాటాకు కూడా దరఖాస్తు పెట్టమని చెప్పాను.